ఆదివారపు మచ్చలు

మా అమ్మమ్మ ముప్పై ఏళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతోంది. చదువు రాదు, తారీఖులంటే పడదు. అందుకే ఉతికిన ప్రతి బట్టకూ అంచున దారంతో కుట్లు వేస్తుంది. సోమవారానికి పసుపు, ఆదివారానికి ఎరుపు, అలా రోజుకో రంగు. నెలలో ఎన్నో వారమైతే అన్ని కుట్లు. తాతయ్యకు అన్నం పెట్టడం మరిచిపోతుంది గానీ కుట్టు మరిచిపోదు.

ఈమధ్య దుప్పట్ల మీద గోధుమరంగు మచ్చలు పడుతున్నాయి. వేలు పెడితే చిల్లు. ఆసుపత్రి స్టోరు మేడం మండిపడింది.

"నీ బ్లీచింగ్ ఎక్కువైంది. ఇక బట్టలు పంపం."

అమ్మమ్మ వీధి చివరి రసాయనాల ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు వేలు చూపించింది. మేడం నమ్మలేదు.

ఆ ఫ్యాక్టరీ ఏ రోజు ఎంత యాసిడ్ ఆవిరి వదిలిందో నెలనెలా రాసివ్వాలి. దాన్ని పురపాలక కార్యాలయంలో అందరి ముందూ చదువుతారు. అమ్మమ్మ స్టోరు మేడాన్నీ రమ్మని, మచ్చల దుప్పట్లు మూటగట్టుకుని వెళ్లింది. తాతయ్య కూడా వెళ్లాడు, మూట మోయడానికి కాదు, ఆవిడ నోటికి అడ్డంపడడానికి.

ఇన్‌స్పెక్టరు ఒక్కో రోజూ చదువుతుంటే అమ్మమ్మ ఒక్కో దుప్పటి బల్ల మీద పరిచింది. రెండో సోమవారం, రెండు పసుపు కుట్లు. అలా ఫ్యాక్టరీ రాసిన ఐదు రోజులకూ ఐదు దుప్పట్లు సరిపోయాయి. మూటలో రెండు మిగిలాయి. రెంటికీ ఎర్ర కుట్లే.

"ఆదివారాలు మేమేం వదల్లేదమ్మా" అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు.

"చూశావా? ఆ రెండూ నీ బ్లీచింగే" అంది స్టోరు మేడం.

తాతయ్య కొంగు లాగాడు. "పదవే, ఐదు చాల్లే."

"చాలవు. ఆ రెండూ నా నెత్తినుంటే బట్టలు రావు."

అమ్మమ్మ సంచిలోంచి రెండు దిండు గలీబులు తీసింది. వాటికీ అవే ఎర్ర కుట్లు. మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

"ఒకే తొట్టి, ఒకే మందు. ఇవి గదిలో ఆరాయి, అవి మేడ మీద ఆరాయి. నా బ్లీచింగ్ మెట్లెక్కి వెళ్లిందా బాబూ? ఆదివారం నీకు సెలవు సరే, నీ గొట్టానికీ ఇచ్చావా?"

హాలంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు ఫ్యాక్టరీ షిఫ్టు పుస్తకం తెప్పించాడు. ఆ రెండు ఆదివారాలూ యాసిడ్ పని నడిచినట్టు అందులో ఉంది. లెక్క రాసిన ఫ్యాక్టరీ గుమాస్తా లేచాడు.

"ఆఫీసు తెరిచిన రోజులే రాయాలనుకున్నాను సార్."

మేనేజరు అక్కడికక్కడే కాగితంలో ఆవిరి వదిలిన రోజులు ఐదని ఉన్నది కొట్టేసి ఏడు వేశాడు. గొట్టానికి వడపోత బిగించేదాకా యాసిడ్ పని ఆపాలని ఇన్‌స్పెక్టరు రాసి, ముద్ర కొట్టి, కాగితం గోడకు అంటింపజేశాడు. అమ్మమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది, మొదటిసారి అర్థం కావడానికి, రెండోసారి ఆనందానికి.

మెట్ల దగ్గర స్టోరు మేడం ఎదురొచ్చింది. అంతదాకా అమ్మమ్మను 'నువ్వు' అన్న మనిషి, "రేపట్నుంచి బట్టలు పంపిస్తానండీ" అంది.

"రేపెందుకు తల్లీ, ఇవాళే పంపు. ఎండ దంచేస్తోంది" అని అమ్మమ్మ మూట తాతయ్య నెత్తిన పెట్టి, చేతులూపుకుంటూ ముందు నడిచింది.