అవ్వ పేరున్న కుప్పం అంగడి

మదనపల్లెలో నేను మొదట కుదిరిన ఉద్యోగం ఒక నూనె మిల్లులో లెక్కలు రాయడం. బి.కామ్ అప్పుడే పూర్తయింది. మిల్లు వెనక గదిలో ఒక బల్ల, ఒక ఫ్యాను, రోడ్డు వైపు ఒక కిటికీ నాకు దక్కాయి. పొద్దున మిషన్లు తిరగడం మొదలవగానే వెచ్చటి చెనిక్కాయల వాసన గదంతా నిండేది. కాళ్ల కింద గచ్చు సన్నగా వణికేది. ఆ వణుకు ఎంత అలవాటయిందంటే, ఆదివారాలు మా ఇంట్లో కూర్చుంటే నేల మరీ కదలకుండా ఉన్నట్టు తోచేది.

మా యజమానికి మిల్లు కాక ఇంకా రెండు వ్యాపారాలుండేవి. పుంగనూరులో పశువుల దాణా అంగడి, కుప్పంలో నూనె హోల్‌సేల్ అంగడి. మిల్లులో ఆడిన నూనె డబ్బాలకెక్కి కుప్పం పోయేది. ఆడగా మిగిలిన చెక్క, పశువుల మేతకు, పుంగనూరు పోయేది, అక్కడ పాడి పెట్టుకున్న వాళ్లు కొనేవాళ్లు. రెండు అంగళ్ల గుమాస్తాలూ బిల్లులన్నీ ఒక గుడ్డ సంచిలో కట్టి బస్సు కండక్టరుకిచ్చి పంపితే, మూడింటి లెక్కలూ నేనే రాసేదాన్ని.

పొద్దున మిల్లు పద్దులో ‘కుప్పానికి అమ్మాము’ అని రాసిన నూనెనే, మధ్యాహ్నం కుప్పం పద్దులో ‘మదనపల్లె నుంచి కొన్నాము’ అని రాసేదాన్ని. అమ్మేదీ నేనే, కొనేదీ నేనే. అప్పటికి లారీ ఇంకా పలమనేరు దరిదాపుల్లో ఎక్కడో పోతూ ఉండేది. కిటికీలోంచి ఎండ పడి కాగితం మీద సిరా ఆరుతుంటే, ఆ లారీ నా వేళ్ల కిందే మెల్లగా కదులుతోందని ఊహించుకునేదాన్ని. కుప్పం నేనెప్పుడూ చూడలేదు. అయినా కళ్లు మూసుకుంటే ఆ ఊరొకటి నాకు కనిపించేది. ఎత్తుగా పేర్చిన డబ్బాలు, చల్లగాలి, దూరంగా రైలు కూత.

రెండు వేల సంవత్సరం దాటాక, అమ్మకం పన్ను పోయి వ్యాట్ వస్తుందని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో, యజమాని ఒక కంప్యూటరు కొని తెచ్చి నా బల్ల మీద పెట్టించాడు.

“దీంట్లోకి ఏ సాఫ్ట్‌వేరు తీసుకోవల్లనో నువ్వే సూడు పాపా. నాకేం తెలుస్తాది? మూడు యాపారాలూ దీంట్లో పట్టల్ల, అంతే,” అన్నాడు.

రెండు దారులున్నాయి. ఒకటి, ఊళ్లో చాలామంది వాడుతున్న ప్యాకేజీ. అందులో ఒక్కో వ్యాపారాన్నీ ఒక్కో కంపెనీగా విడివిడిగా తెరుచుకోవాలి. రెండోది బెంగళూరు వాళ్లు చేసింది. అందులో ఒక్కసారి కొడితే చాలు, మూడు చోట్లా దానంతటదే ఎక్కుతుంది. నా మనసు ఆ రెండోదాని మీదే ఉండేది. రాసిందే రెండోసారి రాసే పని తప్పుతుంది కదా.

బెంగళూరు నుంచి ఒకతను దాన్ని చూపించడానికి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, కన్నడం కలిసిన మెత్తటి తెలుగు. నా కుర్చీలో కూర్చుని, “యజమానుల పేర్లు చెప్పండి మేడమ్, ఎక్కిస్తాను,” అన్నాడు. నేను చెప్పాను. మిల్లు మా యజమాని పేరున ఉంది. పుంగనూరు అంగడి ఆయన భార్య పేరున. కుప్పం అంగడి ఆయన తల్లి పేరున. వ్యాపారాల్లో అది మామూలే. లైసెన్సులు వేరు, పన్ను నంబర్లు వేరు. నడిపేది మాత్రం ఒక్కరే.

యజమాని తల్లిని మేమంతా అవ్వా అనే పిలిచేవాళ్లం. వాళ్ల ఇల్లు మిల్లు ఆవరణలోనే. వచ్చినతనికి మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన అవ్వ, గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

“ఏంది, నా పేరు చెప్తాండావు?”

“కుప్పం అంగడి నీ పేరుతోనే ఉండాది కదవ్వా,” అన్నాను.

“సంతకాలు పెట్టినా లే. ఏటేటా పెడతానే ఉండాను.” ఆమె తెర దగ్గరికి వంగింది. “యాడుండాది నా పేరు?”

ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. తెలుగు మాత్రమే చదవగలిగిన అవ్వ ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, “ఆ అంగడి ఎట్లుంటాది పాపా?” అంది.

“నేనూ చూడలేదవ్వా.”

“నువ్వూ సూల్లేదా?” ఆమెకు నిజంగానే ఆశ్చర్యం. “మరి దాని లెక్కలన్నీ నువ్వే గదా రాసేది?”

నేను ఆమె చేతిలోని మజ్జిగ గ్లాసు అందుకుని అతనికిచ్చాను.

ఆ సాయంత్రం యజమానికి నేనే చెప్పాను, రెండు అంగళ్లలో పని ఎట్లా నడుస్తుందో చూడకుండా సాఫ్ట్‌వేరు తేల్చలేనని. ఆయన సరేనన్నాడు. పక్కనే చెనిక్కాయలు ఒలుస్తున్న అవ్వ, తల ఎత్తకుండానే అంది, “నేనూ పోతా.”

“నువ్వు యాలమ్మా? అంత దూరం నడుం పట్టేస్తాది.”

“నా అంగడిని నేను సూడల్లప్పా.”

ఆయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు. కాసేపటికి ఆయన కూడా నవ్వు ఆపి, కారు మాట్లాడతానన్నాడు. యజమాని భార్యను కూడా నేను రమ్మంటే, “నాకెందుకు పాపా, ఆ దాణా దుమ్ముకు తుమ్ములొస్తాయి,” అని ఆమె ఊరుకుంది.

ఆ ప్రయాణం నాకిప్పటికీ సగం నిద్రలో జరిగినట్టే గుర్తుంది. తెల్లారి బయల్దేరాం. హార్స్లీ హిల్స్ వైపు మబ్బు కిందికి దిగి ఉంది. పుంగనూరు చేరేసరికి ఎండొచ్చింది. దాణా అంగట్లో తవుడు ధూళి ఎండ చారల్లో బంగారుపొడిలా తేలుతోంది. ఆ ధూళిలోంచి మనుషులు వచ్చి, మూటలు ఎత్తుకుని మళ్లీ ధూళిలోకే పోతున్నారు. నేను గుమాస్తాను ప్రశ్నలడుగుతూ కూర్చున్నాను. పాల డబ్బులు వచ్చినప్పుడే జనం చెక్కకు డబ్బిస్తారనీ, అందుకే పదిహేను రోజులకోసారే బిల్లులు పంపుతున్నాననీ అతను చెప్పాడు. అవ్వ కారు దిగలేదు. “ఇది నా కోడలిది. నాది ఇంకా ముందరుండాది,” అంది.

పలమనేరు దాటాక గాలి మారింది. మల్బరీ తోటలు, టమేటా కర్రలు, గుండ్రాళ్ల గుట్టలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి జారిపోయాయి. వి.కోట దాటాక గోడల మీద తెలుగు, కన్నడం, అరవం కలగలిసిపోయాయి. అవ్వ కిటికీకి ముఖం ఆనించి పెట్టింది. ఆమె నుదుటి మీద వెంట్రుకలు గాలికి లేచి పడుతున్నాయి. “ఈ దోవంతా నా నూనె పోతాదా?” అనడిగింది ఒకసారి. పోతుందన్నాను. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

కుప్పం అంగడి స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఇరుకు వీధిలో ఉంది. నేను ఊహించుకున్నంత పెద్దదేం కాదు. కారు దిగి అవ్వ లోపలికి పోలేదు. వీధిలోనే నిలబడి పైకి చూసింది. తలుపు పైన పచ్చ రేకు మీద తెల్ల అక్షరాలతో ఆమె పేరు, పక్కన ‘ఆయిల్ స్టోర్స్’ అని తెలుగులో రాసుంది. అంగడి తెరిచినప్పుడు కొడుకు బోర్డు మీద తల్లి పేరే రాయించాడని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

గుమాస్తా సగం అరవం మాటల పెద్దాయన. ఎవరొచ్చారో తెలియగానే గబుక్కున లేచి, “వాంగమ్మా, రాండి, కూసోండి,” అని తన కుర్చీ తుడిచాడు. అవ్వ కూర్చుంది. డబ్బాల మీద చెయ్యి వేసి చూసింది. ఒక మూత తీయించి, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. అవతల రైలొకటి పోతుంటే డబ్బాలన్నీ సన్నగా మోగాయి. అప్పుడే ఒకామె ఖాళీ సీసాతో వచ్చి, విడి నూనె ఉందా అనడిగింది. గుమాస్తా లేదని తలూపాడు. ఆమె సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

“యాల లేదన్నావు?” అంది అవ్వ.

“మనది హోల్‌సేల్ అమ్మా. డబ్బాలే అమ్మేది.”

సీసాతో పోతున్న ఆమె వీధి మలుపు తిరిగేదాకా అవ్వ చూస్తూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో అవ్వ నన్నడిగింది, “ఆ డబ్బాలో నా అంగడి నాకు వేరేగా కనపడతాదా? అంతా కలిపేసి సూపిస్తాదా?” డబ్బా అంటే కంప్యూటరు. చూసి చెప్తానన్నాను.

మర్నాడు బెంగళూరతను వదిలిపోయిన దాన్ని తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. అతను పైన మిల్లు పేరు పెట్టి, పుంగనూరు, కుప్పం అంగళ్లను దాని కింద బ్రాంచీలుగా ఎక్కించాడు. ఒక్కసారి కొడితే మూడు చోట్లా ఎక్కడానికి కారణం అదే. కానీ బ్రాంచీకి సరుకు పంపితే అది అమ్మకం కాదు, ఒకే ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి మార్చినట్టు. మా నూనె ఒక మనిషి అమ్మితే ఇంకో మనిషి కొంటున్నది. ఫోన్ చేసి అడిగితే, యజమానులు వేరైనా వాళ్ల దాంట్లో అట్లా మాత్రమే కుదురుతుందనీ, పైగా మూడు ఊళ్లలోనూ కంప్యూటరు, ఫోను లైను ఉండాలనీ చెప్పాడు. అవ్వ అడక్కపోయుంటే, పని తగ్గుతుందన్న ఆశలో నేను దాన్నే తీసుకుందామని చెప్పి ఉండేదాన్ని.

యజమానితో ఊళ్లో వాళ్లు వాడే మొదటి ప్యాకేజీయే మనకు సరైనదని చెప్పాను. మూడు కంపెనీలూ మూడుగానే ఉంటాయి, కావాలంటే మూడింటి మొత్తం ఒకచోట చూసుకోవచ్చు.

“అట్లయితే కుప్పం బిల్లు నువ్వు రెండుసార్లు కొట్టల్ల గదా?” అన్నాడు.

“కొడతాను, అన్నా.”

అట్లా రెండుసార్లు కొట్టిన ఆ ఏళ్లు నాకు బాగున్నాయి. మిల్లు కంపెనీ మూసి కుప్పం కంపెనీ తెరవగానే పైన అవ్వ పేరు వచ్చేది. ఆ పేరు కింద కూర్చుంటే నేను ఊరు మారినట్టే ఉండేది. నా ఊహలోని పెద్ద అంగడి పోయి, పచ్చ రేకూ మోగే డబ్బాలూ వచ్చి కూర్చున్నాయి.

అవ్వ మధ్యాహ్నాలు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేది. “ఈ పొద్దు నా అంగడి ఎట్లుండాది?” అనేది. తెరిచి చదివి చెప్పేదాన్ని. వింటూ వింటూ ఒక్కోసారి అక్కడే కునికేది. నేను మెల్లగా కీలు నొక్కుతూ పని చేసుకునేదాన్ని. ఒక రోజు కొడుకును పిలిపించి, కుప్పంలో విడి నూనె అమ్మాలంది. హోల్‌సేల్ దెబ్బ తింటుందని ఆయన వాదించాడు. “అంగడి ఎవురిదప్పా?” అంది. ఆయన నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. ఆ వారమే గుమాస్తా పావు లీటరు, అర లీటరు కొలతలు కొన్నట్టు బిల్లు వచ్చింది. విడి నూనెతో గొప్ప లాభమేం రాలేదు, నష్టమూ రాలేదు. సీసాలతో వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువయ్యారని గుమాస్తా కబురు పంపాడు.

తర్వాత వానలు తప్పి చెనిక్కాయ పంట తగ్గింది, బయటి నూనెలు చవగ్గా దిగాయి. మిల్లు తిరిగే రోజులు తగ్గి, చివరికి ఆగిపోయింది. నేనూ వేరే ఉద్యోగంలోకి మారాను. పుంగనూరు అంగడిని బేరం పెట్టారు. కుప్పం అంగడి మాత్రం ఇంకెక్కడి నుంచో నూనె తెప్పించుకుని నడుస్తూ ఉండింది. అవ్వ దాని వెనక గది బాడుగకు తీసుకుని, ఏడాదిలో సగం నెలలు అక్కడే ఉండేది.

ఒకసారి బెంగళూరు పోయే రైలు కోసం కుప్పంలో బస్సు దిగాల్సొచ్చి, ఆ అంగడికి పోయాను. అవ్వ కుర్చీలో ఉంది. నన్ను చూసి, “రా పాపా, లోపలికి రా,” అని పక్కన స్టూలు చూపించింది. ముందర సీసాలతో నలుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక, ఊరి నుంచి తల్లిని చూడ్డానికి వచ్చిన మా పాత యజమాని, చేతిలో పండ్ల సంచితో నిలబడి ఉన్నాడు.

“అమ్మా,” అన్నాడు.

“ఉండప్పా,” అంది అవ్వ, నూనె ధార మీద నుంచి చూపు తిప్పకుండా. “వీళ్లు ముందొచ్చినారు.”