పళ్ల మధ్య స్క్రూడ్రైవర్

నేను మా ఆయనతో మాట్లాడితే వీధంతా వింటుంది, ఆయన తప్ప. ఇరవై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. రెండు చెవుల లోపలా నువ్వుగింజంత ఎముక ఒకటి బిగుసుకుపోయిందన్నాడు డాక్టరు. వెనక బండి హారన్ వినపడని వాడికి స్టీరింగ్ ఎవరిస్తారు? దింపేశారు.

గోళ్లు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చునే రకం కాదాయన. ఒక వాచీల మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, మందుల షాపు పక్కన మెట్ల కింద సొంతంగా కొట్టు పెట్టారు. "వినపడని వాళ్లకు గడియారాల కొట్టేమిటండీ, నలుగురూ నవ్వరూ!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "చేతి వాచీకి కళ్లు చాలే," అన్నారు. నిజమే, వాచీల వరకు ఏ పేచీ రాలేదు.

అంతలో ఎదురు సందులోని దర్జీ ఆవిడ లోలకం ఊగే గోడ గడియారం తెచ్చింది. మా కొట్టులో శుభ్రంగా నడిచేది. ఆవిడ గోడకెక్కితే మర్నాటికి ఆగేది. రెండుసార్లూ అదే వరస. మూడోసారి ఆవిడ గడియారాన్ని గోడ మీదే వదిలి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి ఆగిందంటే ఊరుకోను. నడుస్తోందో లేదో వినపడని మనిషికి ఇచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ!"

ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లే మాకూ గిరాకీ. ఆవిడ నోరు విప్పితే మా కొట్టు మూతే.

"నేను విని చెప్తా పదండి," అని అరిచాను.

"నీ చెవులు పెట్టుకుని ఎన్నాళ్లు నడపనే ఈ కొట్టు?" అన్నారాయన. ముఖం చిన్నబుచ్చుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా వెంట వెళ్లాను.

దర్జీ ఆవిడ లోలకాన్ని ఊపి వదిలింది. గోడ మీద గడియారం కుంటుతోంది. ఒక టిక్కు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. చెబుదామని నోరు తెరిచేలోగా ఆయన స్క్రూడ్రైవర్ మొన గడియారం పెట్టెకు ఆనించి, కర్ర పిడిని పళ్లతో కరిచి పట్టుకున్నారు. కళ్లు మూసుకుని పెట్టె అడుగును వేలితో కాస్త పక్కకు జరిపారు. కుంటు పోయింది!

"అయ్యో, వంకరగా పెట్టారేంటి?" అని అరిచింది ఆవిడ.

"మా మెట్ల కింద వంకరగా వేలాడింది కాబట్టే నడిచిందమ్మా. మీరు తిన్నగా పెట్టారు, ఆగింది. తప్పు మాదే."

గడియారం దించి, లోలకాన్ని నెట్టే తీగను రవ్వంత వంచి, ఈసారి తిన్నగా తగిలించారు. మళ్లీ పళ్లు ఆనించి తల ఊపారు. నేను విన్నాను. టిక్కు, టక్కు రెండూ సమానం. వారమైనా అది ఆగలేదు. చివరికి ఆవిడే తన చెల్లెలి గడియారాన్ని కూడా మాకు పంపింది.

ఆ రోజు కొట్టుకు తిరిగి రాగానే, "ఎలా తెలిసిందండీ?" అని అరిచాను.

"చప్పుడు పళ్లలోంచి లోపలికొస్తుందే. బస్సు నడిపిన చివరి రోజుల్లో ఇంజన్ని కూడా ఇలాగే వినేవాణ్ణి."

ఇన్నేళ్లుగా నేను అరిచినవన్నీ సరుకుల గోల, కరెంటు గోల. అరిచి చెప్పలేని మాటలు లోపలే ఉండిపోయాయి. స్క్రూడ్రైవర్ అందుకుని, పిడి ఆయన పళ్ల మధ్య పెట్టాను. మొన మీద చీర కొంగు చుట్టి నా దవడకు గట్టిగా ఆనించుకున్నాను.

"మిమ్మల్ని బస్సు దింపేసిన రోజు నాకు చాలా భయమేసిందండీ," అన్నాను గుసగుసగా.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పిడి నోట్లోంచి తీశారు.

"నాకూ వేసిందే," అన్నారు. "ఏదీ, ఇంకేమైనా చెప్పు." మళ్లీ దాన్ని పళ్ల మధ్య పెట్టుకున్నారు.