యాదగిరి పిక్కలు

ముందే చెప్తున్న, నేను పెంచి చెప్పే మనిషిని. నా నోట్లకు పోయిన చీమ బయటికొచ్చేటప్పుడు ఏనుగై, మీద అంబారీ కూడ వేసుకొని వస్తది. కనుక మొన్న మా ఆఫీసు అద్దాల మేడ ముందర ఉద్యమకారులు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినప్పుడు, వాళ్ల పచ్చిపులుసు ఘాటుకు పద్దెనిమిదో అంతస్తులో కంప్యూటర్ల ముందున్నోళ్లు సైతం ఒక కన్ను మూసుకున్నరంటే, మీరు సగమే నమ్మండి. నువ్వులు వేగిన వాసన మాత్రం నిజం. అది ముక్కుకు తగలంగనే నేను అరవై తొమ్మిది నాటి నానక్‌రామ్‌గూడల, మా పెద్దబాపు వాకిట్ల నిలబడ్డ. ఆయన నువ్వులనూనె గిన్నె పక్కన పెట్టుకొని కొడుకు యాదగిరి పిక్కలు మర్దన చేస్తున్నడు.

ఆ ఏడు కూడ ఉద్యమమే. బళ్లన్నీ బందయినయి. పెద్దోళ్లకది పోరాటం, మాకు దేవుడిచ్చిన సెలవు. ఎండాకాలం పొద్దంతా చిర్రగోనె అనే కర్రాబిళ్లాట, నున్నటి బండల మీంచి జారుడు (మా లాగులకు మాసికలేసి ఊరి దర్జీ డాబా కట్టుకున్నడు), ఆషాఢంల బోనాలకు బెల్లమన్నం, గారెలు, చలి మొదలయితే గుట్టల మీంచి తెచ్చి గడ్డిల మాగబెట్టిన సీతాఫలాలు, వాటి గింజలు ఎవరెంత దూరం ఊస్తరని పందేలు.

ఊసుడుల యాదగిరి మొదలు, ఉరుకుడుల ఆఖరు. నాకంటే ఏడాది పెద్దోడు, ఏడేండ్లుంటయి. మునివేళ్ల మీద, బాతు లెక్క ఊగుకుంట నడిచేటోడు. కిందపడితే లేచుడుకు వానిదొక పద్ధతి. ముందు రెండు చేతులు నేలకానిచ్చి నడుము లేపి, తరువాత మోకాళ్లు పట్టుకొని, ఆ తరువాత తొడలు పట్టుకొని, తన ఒంటిని తనే నిచ్చెన లెక్క ఎక్కి నిలబడేటోడు. అదేదో ఆటనుకొని మేమంతా నేర్చుకున్నం.

కాని వాని పిక్కలు! గట్టిగ, గుండ్రంగ, గుమ్మడికాయలు కట్టుకొని తిరిగినట్టు ఉండేవి. ఊరంత మురిసింది. పొరుగూరి నుంచి వచ్చినోళ్లు గూడ ఒకసారి ఒత్తి చూసి, "పహిల్వాన్ పిక్కలు" అనిపోయేటోళ్లు. పెద్దబాపు ఒకప్పుడు దసరా కుస్తీల పేరుమోసినోడు. ఆయన మీసం మీద రెండు కాకులు కూసుండి పంచాయితీ పెట్టుకోవచ్చు. బడి ఎట్లాగు లేదు, పిల్లగాన్ని పహిల్వాన్ చేస్తనని తెల్లారకముందే లేపి బస్కీలు తీయించుడు షురూ చేసిండు. రెండు తీసేసరికి యాదగిరి కూలబడేటోడు. చింతబరిక లేచేది.

"లే, సోమరిపోతా! గిసొంటి పిక్కలు పెట్టుకొని మూల్గుతవేందిరా?"

"కాళ్లు లేస్తలెవ్వు, బాపూ."

"కాళ్లు లేస్తయి. నువ్వే లేస్తలెవ్వు!"

ఇప్పటికి తలుచుకుంటె ఒళ్లు మండుతది. ఊర్ల ఇన్ని కండ్లున్నయి, అందరు పిక్కలనే చూసిండ్రు. వాడు నేల మీంచి ఎట్ల లేస్తున్నడో చూసినోడు ఒక్కడు లేడు. చూసి నవ్వినోళ్లున్నరు.

బోనాల నాడు మా పెద్దమ్మను, అంటే యాదగిరి అమ్మను, కన్న ముసలవ్వ బిడ్డ ఇంటికొచ్చింది. అందరం వరుసగ కూసొని తింటున్నం. యాదగిరి ఇంకో గారె కోసం నేలకు చేతులానిచ్చి, మోకాళ్లు పట్టుకొని, తొడలు పట్టుకొని లేచిండు. ముసలవ్వ నోట్ల ముద్ద నోట్లనే ఆగింది.

"మా మల్లయ్య గూడ గిట్లనే లేస్తుండె," అన్నది.

పెద్దమ్మ అడిగింది: "మల్లయ్యెవరే, అవ్వా?"

"నీ అన్న. పోయిననాడు నువ్వు పాలు తాగే పిల్లవు."

తనకు ఒక అన్న ఉండెనన్న సంగతే పెద్దమ్మకు తెల్వదు. ఆమె పుట్టింట్ల మల్లయ్య పేరెత్తద్దన్న కట్టుబాటు. పేరెత్తితే రోగమున్న ఇల్లంటరు, ఆడపిల్లలకు సంబంధాలు రావు. పిల్లగాన్ని ఒకసారి మట్టిల పెట్టిండ్రు, పేరును రోజూ పెట్టిండ్రు.

"పిక్కలు?" అన్నడు పెద్దబాపు.

"గివే పిక్కలు. మా ఊరు గూడ గిట్లనే మురిసింది."

బస్సులు బందు. ఎడ్లబండి కట్టుకొని పట్నం పోయినం. దారిల పోలీసోళ్లు ఆపితే, గడ్డిల పడుకున్న యాదగిరి లేవకుంటనే "జై తెలంగాణ!" అని గోలకొండ బురుజులదిరేటట్టు అరిచిండు. పోలీసాయన నవ్వి వదిలేసిండు.

పెద్ద దవాఖానల డాక్టరు ఆంధ్రా ఆయన. దారంతా ఆంధ్రోళ్లను తిట్టుకుంట వచ్చిన పెద్దబాపు ఆయన ముందర చేతులు కట్టుకొని నిలబడ్డడు. డాక్టరు సూది తీయలే, గొట్టం పెట్టలే. "ఏదీ నాన్నా, కింద కూర్చుని ఒక్కసారి లే," అన్నడు. వాడు లేచినంత సేపు చూసి, పిక్క ఒత్తి, పెద్దమ్మను తోడబుట్టినోళ్ల గురించి అడిగిండు.

"ఇది బద్ధకం కాదండి, కండరాల జబ్బు. అది బలం కాదు, వాపు. తల్లి నుంచి కొడుక్కొస్తుంది, అలాగని తల్లి తప్పు కాదు. మందు లేదు. బస్కీలు మాత్రం మాన్పించండి, ఉన్న బలం కూడా పోతుంది. ఈవిడ అక్కచెల్లెళ్లకి తప్పకుండా చెప్పండి."

వరండాల పెద్దబాపు గొంతుక్కూసోని, రెండు పిక్కలు పట్టుకొని, "తప్పయింది బిడ్డా," అన్నడు. బళ్లు తెరిచినంక వాన్ని భుజాల మీద మోసుకపోయేటోడు. యాదగిరి ఆయన మీసం ఏ దిక్కు గుంజితే ఆ దిక్కు తిరిగేటోడు. వానికి మీసం రాకముందే వాడు పోయిండు. పెద్దమ్మ మాత్రం తన పుట్టింటి కట్టుబాటు తెంపింది. ఏ పెండ్లి మాటల దగ్గరైనా కొడుకు పేరు, అన్న పేరు గట్టిగ చెప్పేది. తలుపులు మూసుకున్నరు చుట్టాలు. ఆమె మూసిన తలుపుకు గూడ చెప్పొచ్చింది.

మేం జారిన బండను పేల్చేసిండ్రు, అక్కడిప్పుడు కార్లు నిలబెట్టే నేలమాళిగ. సీతాఫలం గుట్ట లేదు, ఎడ్లబండి బాట లేదు. ఇన్ని మాయమయినయి గని, దాచుడు మాయం కాలే. మొన్న మా ఆఫీసుల చదువుకున్నాయనే, తన బామ్మర్ది కొడుకు బాతు నడకను ఫోన్ల చూపిచ్చి నవ్వి, "బయట చెప్పకండి, ఇంట్ల పెండ్లికెదిగిన పిల్లున్నది," అన్నడు. నేను అరిచిన అరుపుకు అద్దాలు పగల్లేదు గని, పగలాల్సింది.

ఇగ నేనేది కల్పించిన్నో చెప్పాలె. కాకులను, దర్జీ డాబాను మీరే పట్టుకొని ఉంటరు. పిక్కలు, లేచే తీరు, మల్లయ్య, వీటిని గోరంత పెంచలే. వరండాల మాట ఒక్కటే నాది. పెద్దబాపు మోసిండు, నిజమే. ఆ మాట మాత్రం ఎన్నడూ అనలే. మంచం పట్టినంక యాదగిరి నన్ను అడుగుతుండె, "నేను సోమరోన్ని కాదని బాపుకు తెల్సిందంటవారా?" అని. అందుకే ఆయన నోట అనిపిచ్చిన.