ఎడమచేతి కనెక్టర్లు

ఆ వీధిలో టీవీ బొమ్మ ఆగిందంటే చాలు, జనం కేబులాయన్ని ఏడు తరాలతో కలిపి తిట్టేవాళ్ళు. బొమ్మ బాగా వస్తే మెచ్చుకోవలసింది మాత్రం అతని భార్యను. ఆ సంగతి ఎవరికీ తెలియదు. మేడలెక్కడం, గోడలకు మేకులు కొట్టడం అతని వంతు. కిటికీ పక్క బల్ల మీద తీగలు కోసి, చివర్లు ఒలిచి, కనెక్టర్లు బిగించడం ఆవిడ వంతు.

కేబుల్ అంటే ఏదో నల్లతాడు అనుకుంటారు గానీ, లోపల ఎంత సంసారం ఉందో! పైన నల్ల తొడుగు, దాని కింద వెంట్రుకల్లాంటి పోగుల జాలీ, ఆ కింద రేకు, తెల్ల ప్లాస్టిక్, నట్టనడుమ రాగి తీగ. తొడుగు కోసేటప్పుడు జాలీ తెగకూడదు. జాలీలో ఒక్క పోగు వెళ్ళి రాగికి తగిలినా బొమ్మ గోవిందా. ఆవిడ మామూలు కత్తిని తీగ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, జాలీ దగ్గర ఠక్కున ఆపేసేది.

"నీకెలా తెలుస్తుందే అక్కడ ఆపాలని?" అని అడిగేవాడు.

"నాకేం తెలుసు? వేలికి తెలుస్తుంది" అనేది.

ఆ వేళ్ళే పోయాయి. ఒక ఉదయం మొహం కడుక్కుంటూ ఆవిడ కూలిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వస్తువుకో కాపలా కాస్తున్నట్టు కూర్చునేది. "పనికిమాలినదాన్నయ్యాను. నాకు తిండి దండగ" అని గోడకు చెప్పుకునేది. ఆవిడ మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చోకపోతే ఇక మనిషి కాదని అతనికి భయం పట్టుకుంది.

అందుకే కేబుల్ సామాన్ల కొట్టుకు పరిగెత్తాడు.

"ఒంటిచేత్తో తీగ ఒలిచేది ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"నీకు రెండు చేతులూ ఉన్నాయిగా!" అని నవ్విన కొట్టాయన, సంగతి విని నాలుక్కరుచుకున్నాడు. కొట్లో ఉన్న స్ట్రిప్పర్లన్నీ తెచ్చి ముందు పరిచాడు. కేబులాయన కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టి చూశాడు. పట్టకారులాంటిది జారిపోయింది. కత్తెరలాంటిది జాలీని కూడా కోసేసింది. చివరికి బల్లకు బిగించే చిన్న ఇనప వైసు తన దవడల మధ్య తీగను పట్టుకుంటే, బట్టల క్లిప్పులాంటి స్ట్రిప్పర్‌ను దాని చుట్టూ తిప్పడం కుదిరింది. కొట్టాయన బ్లేడు లోతును ఆ తీగకు సరిపడేలా సరిచేసి ఇచ్చాడు.

చిక్కంతా కనెక్టర్ దగ్గర వచ్చింది. నొక్కి బిగించే రకం ఎండావానలకు తట్టుకుంటుంది, కానీ దాన్ని నొక్కే పనిముట్టుకు రెండు చేతులూ కావాలి. ఇక మిగిలింది మరలాగా తిప్పి ఎక్కించే చవక రకం.

"ఇది పట్టుకెళ్తే మీ ఆవిడ నిన్ను ఉతికి ఆరేస్తుంది" అన్నాడు కొట్టాయన.

"ఉతకనీ. ఉతికే ఓపిక వస్తే అదే చాలు" అన్నాడు కేబులాయన.

ఆవిడ నిజంగానే చిటపటలాడింది. "ఈ చెత్త నా బల్ల మీదకి ఎందుకు తెచ్చావయ్యా?" అంది. తర్వాత ఆ కనెక్టర్‌ను అరచేతిలో చాలాసేపు దొర్లించి, "సరే, తీగ బిగించు" అంది. పగలంతా తంటాలు పడి, సాయంత్రానికి రెండు చివర్లూ బిగించిన ముక్క ఒకటి తయారు చేసింది. అతను దాన్ని ఒక ఇంటికి పట్టుకెళ్ళి వచ్చి, "బొమ్మ అద్దంలా ఉందే!" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆవిడ ఆ పూట మారు అడిగి తింది.

అబద్ధం. మేడ ఎక్కగానే ఆ చివర్లు రెండూ కత్తిరించి పారేసి, తన మొద్దు చేతులతో వేరేవి నొక్కి పెట్టాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఏం చేస్తాడు చెప్పండి? ఇంట్లో పెళ్ళాం నవ్వుతోంది. మీరైనా నేనైనా అదే చేసేవాళ్ళం.

అలా నడిచిపోయేదేమో గానీ, వాన రోజున మెట్ల మీద జారి అతని చీలమండ బెణికింది. పక్క వీధిలో కరెంటు పని చేసే తమ్ముడు, "నేను చూసుకుంటాలే అన్నయ్యా" అంటూ ఆవిడ చేసిన ముక్కలు సంచిలో వేసుకున్నాడు. అవి పెట్టొద్దని కేబులాయన ఎలా చెప్పగలడు? ఉన్నది ఒకటే గది, ఆవిడ ఎదురుగానే ఉంది. కళ్ళతో సైగ చేస్తే, "కంట్లో నలక పడిందా?" అన్నాడు ఆ మహానుభావుడు. తర్వాత కుంటుకుంటూ బయటికెళ్ళి ఎన్నిసార్లు ఫోన్ చేసినా తమ్ముడు ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక తమ్ముడు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "ఏంటన్నయ్యా ఈ ముక్కలు! ఇళ్ళవాళ్ళు నన్ను తినేశారు. ఏ దద్దమ్మ చేశాడు వీటిని?" అన్నాడు.

"నేనే" అంది ఆవిడ.

తమ్ముడు గభాలున లేచి నిలబడ్డాడు. "వదినా, నాకు తెలీదు..."

"అది సరే. ఐదు తీసుకెళ్ళావు. ఎన్ని రాలేదు?"

"మూడు."

"మిగతా రెండు?"

"అవి బాగానే వస్తున్నాయి వదినా, ఒట్టు. అలాగే బిగించి వచ్చేశాను."

ఆవిడ వెన్ను నిటారైంది. "రానివాటిలో తప్పేంటి?"

"మర మొదట్లో జాలీ పోగు రాగికి తగులుతోంది. మూడింటికీ అక్కడే."

"మూడింటికీ అక్కడేనా? అయితే అక్కడ పోగులు వెనక్కి మడిచేస్తే సరిపోయేదిగా! నాకెవరైనా చెప్తేగా..." అని, ఆవిడ ఆగిపోయింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ అన్నీ అద్దంలా వచ్చాయన్నావు."

అతను బెణికిన కాలి వైపు చూపు తిప్పుకున్నాడు.

"కోసి పారేశావా?"

తలూపాడు.

"కోసే ముందు ఒక్కటైనా పెట్టి చూశావా?"

చూశానని చెప్పొచ్చు. అబద్ధాలు అతనికి కొత్త కాదు. కానీ ఆ కళ్ళ ముందు కుదరలేదు. "లేదు" అన్నాడు.

అరుస్తుందని, ఏడుస్తుందని చూశాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ ఎడమచేత్తో వైసు మర వదులు చేసి, సగం ఒలిచిన తీగను బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

"నీ లెక్కలో నా చెయ్యి పడిపోయిన రోజే నేనూ పోయాను కదయ్యా" అంది.

తర్వాత అతను కాళ్ళావేళ్ళా పడ్డాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చోలేదు.