వెయ్యీ తొమ్మిది బేళ్ళ నెట్టు

మొన్న టీవీలో, కోట్ల అంకెలున్న ప్రధాన సంఖ్య ఒకటి దొరికిందని చెప్పి, వార్తలు చదివే అమ్మాయి ఇదెవరికి పనికొస్తుందో అన్నట్టు నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. అయిదో తరగతితో బడి మానేసి, అట్టలేని పాత లెక్కల పుస్తకంతో నాకు నేనే చదువుకున్నవాణ్ణి. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడని అలాంటి సంఖ్య ఒకటి మా చిన్నాన్న బతుకును ఎలా నిలబెట్టిందో నాకు తెలుసు.

చిలకలూరిపేట దగ్గర దూది మిల్లులో ఆయన ముఠా మేస్త్రీ, నేను ఆయన కింద బేళ్ళు దొర్లించేవాణ్ణి. దూదిని అదిమి మోపు కట్టే ప్రెస్సులోంచి వచ్చిన ప్రతి బేలు మీదా చిన్నాన్న సుద్దతో నెంబరు వేసేవాడు. గోడౌనులో బేళ్ళను వరస మీద వరసగా పేర్చి నెట్టు కట్టాక సూపర్‌వైజరు వచ్చి పొడవూ వెడల్పూ ఎత్తూ గుణించి సరేననేవాడు. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నెట్టు పెట్టెలా తీరుగా ఉంటేనే మేస్త్రీకి మర్యాద.

ఒక ఏడాది చివరి బేలు మీద పడ్డ నెంబరు వెయ్యీ తొమ్మిది. పొడవు పద్ధెనిమిది, వెడల్పు పద్నాలుగు, ఎత్తు నాలుగు పేరిస్తే, ఒక్కటి మాత్రం పైన ఒంటరిగా కూచుంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు దాన్ని చూసి, "ఏం మేస్త్రీ, ఈ వరసలో మిగతా పదమూడూ ఎటు పోయాయి?" అన్నాడు. ఉన్నవి అంతేనండీ అని చిన్నాన్న అంటే, "నిజంగా అంతే అయితే ఎలాగోలా సమంగా రావాలిగా! శనివారానికల్లా తీరుగా పెట్టు, లేదంటే ముఠాతో సహా వెళ్ళిపో" అన్నాడు.

విడ్డూరమేమిటంటే, సమంగా రావాలని చిన్నాన్న కూడా నమ్మాడు. నెట్టంతా విప్పించి, వెడల్పు పన్నెండు, పొడవు ఇరవై ఒకటి చేసి మళ్ళీ కట్టించాడు. మళ్ళీ ఒకటే మిగిలింది. "ఒరేయ్, దాన్ని నువ్వే పెళ్ళి చేసుకోరా!" అని ముఠావాళ్ళు నన్ను ఏడిపిస్తుంటే, ఆయన మాత్రం తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

శనివారం పొద్దున నేను సుద్ద తీసుకుని సిమెంటు నేల మీద కూర్చున్నాను. ముప్పై రెండును ముప్పై రెండుతో గుణిస్తే వెయ్యీ తొమ్మిది దాటిపోతుంది కనుక, ముప్పై ఒకటి వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు, అవి పదకొండే. ఏడుతో ఒకటి మిగిలింది, పంతొమ్మిదితో రెండు, ముప్పై ఒకటితో పదిహేడు. ఏ ఒక్కదానికీ అది లొంగలేదు. ఒకే వరసగా రోడ్డు దాకా పరిస్తే తప్ప ఆ సంఖ్య తీరుగా రాదు. సూపర్‌వైజరు వచ్చి, "నువ్వెంత చదివావురా?" అన్నాడు. "నా చదువు తరవాత చూద్దురుగానీ, భాగహారం చూడండి" అన్నాను. పదకొండూ తనే స్వయంగా చేసుకుని, చేతులు దులుపుకుని, "సరే, ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టండి" అని వెళ్ళిపోయాడు. దొంగతనం అంటగట్టినందుకు తప్పయిందని ఒక్క మాటైనా అనలేదు, ఆ కోపం నాకింకా చల్లారలేదు.

చిన్నాన్నకు మాత్రం అదొక సరదా అయిపోయింది. ఆ సంఖ్యలకు మొండివి అని పేరు పెట్టాడు. హైవే పక్కన టీ తాగుతూ, పోయే లారీ నెంబరు చూపించి, "ఏరా, ఇది మొండిదేనా?" అనేవాడు. నేను లెక్క తేల్చేదాకా గ్లాసు కింద పెట్టేవాడు కాదు.

ఇప్పుడు బేలుకో స్టిక్కరు, చదవడానికో మిషను. ఒక బేలు మిగిలిందని ఎవరినీ అనుమానించరు, మంచిదే. నేను మాత్రం ఇప్పటికీ లారీ నెంబరు కనిపిస్తే భాగిస్తూ కూచుంటాను. మొండిదని తేలినప్పుడు, చిన్నాన్నకు చెబుదామని పక్కకు తిరిగి, ఆగిపోతాను.