ముసురు రోజు కొలత

గత మంగళవారం ఉదయం నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. కళాశాల పరీక్షల పనిమీద ఆ ఊరికి వెళ్లిన మా తమ్ముడు నర్సింలు గుండె ఆగి కన్నుమూశాడు. వాడు నాకన్నా ఏడేళ్లు చిన్న. నేను ముందు పోవాలి, వాడు వెనుక రావాలి. బతుకంతా బడిలో లెక్కలు చెప్పిన నాకు ఈ వరుస తప్పడం ఇంకా మింగుడుపడటం లేదు.

వాడు వనపర్తిలో కళాశాల అధ్యాపకుడు. వాడి పరిశోధనంతా కర్బన నానో గొట్టాల మీద. వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని ఆ గొట్టాలను గాజుపలక మీద పలచటి పొరగా పరిచి, అందులో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచేవాడు. అదేమిటో నాకూ చెప్పమంటే, గద్వాలలో మా వంటింట్లోకి వచ్చి పళ్లెం నిండా సేమ్యా చల్లాడు.

"పాయసానికి తెచ్చిన సేమ్యారా అది!"

"జర ఆగక్కా. ఈ అంచుకెల్లి ఆ అంచుకు కరెంటు పోవాలె. పుల్లకు పుల్ల తాకితెనే తొవ్వ. పుల్లల పారుడు అల్కగనే ఉంటది. ఒక పుల్లకెల్లి ఇంకో పుల్లకు దాటుడే కష్టం."

"మన సుట్టాల లెక్కన," అన్నాను. పడిపడి నవ్వాడు. ఆ సేమ్యాతోనే పాయసం చేస్తే రెండు గిన్నెలు తిన్నాడు.

ఒక వేసవిలో వాడూ, శిష్యురాలు సుజాతా తయారుచేసిన పొర చాలా బాగా పనిచేసింది. సుజాత గద్వాల నేతకారుల బిడ్డ. ఆమె డాక్టరేటు ఆ ఫలితాల మీదే ఆధారపడి ఉంది. వాటిపై రాసిన వ్యాసాన్ని పరిశోధన పత్రికవారు అంగీకరించారు కూడా. ఇంతలో ముసురు పట్టింది. అదే పొరను మళ్లీ కొలిస్తే విద్యుత్తు పారకుండా అడ్డే నిరోధం బాగా పెరిగింది. పాత అంకెలన్నీ మా పాలమూరు ఎండల్లో, చెమ్మ లేని గాలిలో తీసినవి. వ్యాసంలో తేమ ప్రస్తావనే లేదు. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానన్నాడు నర్సింలు.

నా ఎదుటే సుజాత ఏడ్చింది. "ఎవరన్న అడిగిండ్రా సార్? మా నాయిన నడుము ఇరుగుతున్నా మగ్గం దిగకుంట నన్ను సదివిపిస్తుండు. ఇంకెన్నేండ్లు?"

"అడగకుంటె తప్పు ఒప్పయితదా బిడ్డా? ఎండల కొలిచినం, వానల కొలవలే. గంతే. మళ్ల కొలుద్దాం. అయ్యేదాంక నేనుంట నీతోని."

అప్పటినుంచి ఎండలోనూ, వానలోనూ కొలుస్తూ వచ్చారు. అంకెలు నాకు పంపేవాడు. దశాంశ బిందువు పక్కకు జరిగితే వెంటనే ఫోన్ చేసి మందలించేదాన్ని. "నీకు తప్పు దొరకకుంటె ఇగ ఎవ్వరికి దొరకదక్కా," అనేవాడు.

వాడు పోయిన మూడో రోజున సుజాత వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, సార్ ఉంటనన్నడు," అంది. ఇచ్చిన మాట వాడు తప్పడం నేనెరిగి ఇదొక్కటే. ఇదీ వాడి చేతిలో లేనిదే.

ఇంకొక్క వానకాలం కొలతలు మిగిలి ఉన్నాయి. ముసురు పట్టగానే నేను వనపర్తి వెళ్తాను. కొలిచేది సుజాత, సరిచూసేది నేను. తప్పు దొరికితే నేను ఫోన్ చేసి మందలించడానికి మాత్రం మా నర్సింలు ఉండడు.