గెలిచి వచ్చిన వాదన చందానగర్‌లో నిలబడలేదు

మాది కడప, ఉండేది మూసాపేటలో. హైటెక్ సిటీలో మా ఆఫీసు స్నేహితులు నెలకోసారి తెలుగులో వాదన పోటీ పెట్టుకుంటారు. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి విషయం, దండెత్తి ఒక దేశాన్ని ఆక్రమించుకున్న సైన్యం వెనక్కి వెళ్లిపోవాలా అని. నాకు ‘వెళ్లక్కర్లేదు’ అన్న చీటీ వచ్చింది. మాట్లాడకపోతే నాకు అన్నం అరగదు కాబట్టి, ఆదివారమైనా బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదింబావుకల్లా హైటెక్ సిటీలో దిగాను. “రోడ్లు వేశాం, కరెంటు ఇచ్చాం. మేం ఉన్నపళంగా పోతే మీలో మీరు కొట్టుకుంటారు, ఇంకొకడొచ్చి పడతాడు” అని ఆ సైన్యం తరఫున మైకులో గొంతు చించుకున్నాను. చప్పట్లే చప్పట్లు. గెలిచాను. నా మాటలు నేనే నమ్మేశాను, అదీ సంగతి.

ఆకలి దంచేస్తుంటే ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకుని చందానగర్ వెళ్లాను. టికెట్ అయిదు రూపాయలే గానీ ఆదివారం బండ్లు తక్కువ, నలభై నిమిషాలు కాచుకున్నాను. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే నర్సమ్మ మెస్సు. రేకుల షెడ్డు, ముందు కాస్త ఖాళీ జాగా. భోజనం నూట ఇరవై.

“ఏంది బిడ్డా, గంత కుశీగున్నవ్?” అంటూ నర్సమ్మ గోంగూర పప్పు వడ్డించింది. నా వాదనంతా మళ్లీ అప్పజెప్పాను. ఆమె గరిటె పట్టుకుని నిలబడి చివరిదాకా వింది.

“నా జాగ కబ్జా పెట్టినోడు గూడ గిట్లనే చెప్పిండు. గోడ కట్టిన, బోరేసిన, నేను పోతే ఇంకోడొస్తడు, నీకొక్కదానికి చాతగాదు అన్నడు. నాలుగేండ్లు అడుగు పెట్టనియ్యలే.”

“ఎక్కడ పెద్దమ్మా ఆ జాగా?”

“నువ్వు కూసున్న కాడనే.”

తలెత్తి ఆ షెడ్డంతా ఒకసారి చూశాను. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి ఖాళీ చేయించిందట. “మరి వాడు పోయాక ఇంకొకడు వచ్చాడా?” అని అడిగాను.

“ఎవ్వడు రాలే. పోతా పోతా మోటరు పీక్కపోయిండు. రెండు నెలలు నీళ్లు మోసిన, మస్తు పరేషానైన. అయితేంది, నా జాగల పడ్డ పరేషానే గద. తిను, సల్లారుతది.”

సిగ్గేసింది. ఆమె నాలుగేళ్లు పడ్డ మాటలే నేను మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తిరుగు రైల్లో మా స్నేహితుల గ్రూపులో రాసేశాను, ఆ సైన్యం వెళ్లాల్సిందేనని. వెళ్లాక కష్టాలుండవని కాదు. అవి ఎలా పడాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకుంటారు. ఓడిపోయి ఇంత హాయిగా ఇల్లు చేరడం నాకిదే మొదటిసారి. మీరూ ఆ మెస్సుకు వెళ్తే ఆదివారం రైలు సమయాలు ముందే చూసుకోండి, పన్నెండున్నరలోపు చేరండి. ఆ తర్వాత పప్పు ఉండదు, నర్సమ్మకు మాట్లాడే తీరికా ఉండదు.